కడిగిన జొన్నలు

మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టారు. ఐదో తరగతి పిల్లలంతా ప్లేట్లు పట్టుకుని వరండాలో వరసగా కూర్చున్నారు. అన్నం, పప్పు, పక్కన ఒక ఉడకబెట్టిన గుడ్డు. అందరూ ముందు గుడ్డు మీదే పడ్డారు. తనూజ మాత్రం తన గుడ్డును వేలితో ఇటు దొర్లిస్తోంది, అటు దొర్లిస్తోంది. నోట్లో పెట్టడం లేదు.

పక్కన కూర్చున్న నిస్సీ రోజూ అడిగే మాటే మళ్లీ అడిగింది.

"చుక్కి ఈ పొద్దన్నా గుడ్డు పెట్టిందా మే?"

"ల్యా," అంది తనూజ. "ఇంగా పెట్టలేదు."

పచ్చి అబద్ధం. చుక్కి ఆ పొద్దున గుడ్డు పెట్టింది. మొన్న కూడా పెట్టింది. ఆ గుడ్లు ఎక్కడున్నాయో తనూజకు ఒక్కతెకే తెలుసు. ఇంటి వెనక పేడదిబ్బలో ఉన్నాయి. తానే గుంత తీసి పూడ్చిపెట్టింది. దొంగకు తేలు కుట్టినట్టయింది ఆ పిల్ల పని. అరవడానికీ లేదు, ఊరుకోవడానికీ లేదు.

చుక్కి నిస్సీ కోడి. ఎర్రటి ఈకలు, వాటి మీద తెల్లటి చుక్కలు. నిస్సీ పుట్టినరోజుకు వాళ్ల అవ్వ తెచ్చి ఇచ్చింది. నిస్సీ వాళ్ల నాయన జ్ఞానరాజు నాపరాళ్ల గనిలో లారీలకు బండలెత్తుతాడు. అమ్మ బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీకి పోతుంది. పగలంతా ఇంటికి తాళమే. కోడిని చూసుకునే మనుషులు లేరు గానీ, చూసుకుందామని తిరిగే ముంగిసలు మాత్రం చాలానే ఉన్నాయి. అందుకని చుక్కిని తనూజ వాళ్లింటికి పాలుకిచ్చారు.

పాలుకివ్వడం అంటే ఏమిటో తెలియని పిల్లలు ఉంటారు, చెబుతాను. మా వైపు కోడి ఒకరిది, సాకేది ఇంకొకరు. పిల్లలయ్యాక చెరిసగం. దానికి కాగితం ఉండదు, సంతకం ఉండదు, ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉంటుంది.

చుక్కి వచ్చిన రోజే ఇద్దరు పిల్లలూ కోడిపిల్లల్ని పంచేసుకున్నారు. నల్లవి నీకు, చుక్కలవి నాకు అని వాటాలు కూడా అయిపోయాయి. పేర్లు కూడా పెట్టేశారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే మరి.

పేర్లు పెట్టారు గానీ చుక్కి గుడ్డు పెట్టదే. వారం దాటింది. నిస్సీ రోజూ అడుగుతుంది. తనూజ రోజూ గంప ఎత్తి చూస్తుంది. గడ్డి తప్ప ఏమీ ఉండదు. ఒక్క చోట కుదురుగా కూర్చునే పిల్ల కాదు తనూజ. అన్నం ఉడకకముందే మూత తీసి చూసే రకం. కోడి తనంతట తాను గుడ్డు పెట్టేదాకా ఆగడం ఆమె వల్ల కాలేదు.

అప్పుడే వాళ్ల నాయన ఉమామహేశ్వర చేనులో జొన్న విత్తాడు. అవి కంపెనీ విత్తనాలు, గులాబీ రంగు పూసినవి. ట్రాక్టరు వెనక గొర్రు కట్టి విత్తాక ఒక ప్యాకెట్‌లో సగం మిగిలింది. మామూలు జొన్న కాదని, కంకి మూరెడు పొడుగొస్తుందని, గింజ ఒక్కటి కూడా పారబోయరాదని చెప్పి ఆయన దాన్ని కొట్టంలో గూట్లో పెట్టాడు. మందు పట్టించిన గింజలు, ముట్టుకోవద్దని అమ్మ కూడా చెప్పింది.

తనూజ నాయన చెప్పింది బాగా విన్నది. అమ్మ చెప్పింది సగమే విన్నది. మూరెడు కంకి కాసే గింజ తింటే కోడి ఎంత గుడ్డు పెడుతుందో అని లెక్కలేసుకుంది. మందు సంగతంటారా, దానికీ ఉపాయం ఆలోచించింది. ద్రాక్షపండ్లకు మందు కొట్టుంటారని అమ్మ వాటిని ఉప్పునీళ్లలో కడుగుతుంది కదా, అందరూ తింటారు కదా.

గుప్పెడు గింజలు గిన్నెలో పోసి ఉప్పునీళ్లలో నానబెట్టింది. నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. పారబోసి మళ్లీ కడిగింది. గింజలు తెల్లబడేదాకా కడిగి, ఎండలో ఆరబెట్టి, ఎవరూ చూడకుండా చుక్కికి వేసింది. చుక్కి టకటకా ఏరుకుని తినింది.

రెండు రోజులకే గంపలో గుడ్డు కనబడింది. గట్టిగా, నున్నగా ఉంది. అది ఎట్లాగైనా పెట్టబోయే గుడ్డేనని తనూజకు ఎవరు చెప్పాలి? తన జొన్నల మహిమే అనుకుంది. ఆ రోజు నుంచి పొద్దునొక గుప్పెడు, సాయంత్రం ఒక గుప్పెడు. మొదటి గుడ్డు సంగతి నిస్సీకి కూడా చెప్పలేదు. గంప నిండా గుడ్లయ్యాక ఒక్కసారే చూపించి, ఆ పిల్ల నోరు తెరిపించాలని ఆశపడింది.

తరువాతి గుడ్డును ముట్టుకోగానే చేయి వెనక్కి తీసుకుంది. పెంకు లేదు. పైన పలచటి తోలు మాత్రమే ఉంది. వేలితో నొక్కితే లోపలికి పోయింది. ఆ తరువాతిది ఎత్తేలోపే చితికి గడ్డిలో కారిపోయింది. మొదట పెట్టిన గట్టి గుడ్డును అమ్మ చూసి అడుగుతుందేమోనన్న భయంతో తనూజ దాన్ని కూడా తీసుకుపోయి దిబ్బలో పూడ్చింది. చెప్పుకోవాల్సిన మంచి గుడ్డు కూడా అట్లా దొంగ గుడ్డయింది.

ఇదీ సంగతి. అందుకే ఆ మధ్యాహ్నం గుడ్డు తినలేకపోయింది. ఎవరూ చూడకుండా దాన్ని నిస్సీ ప్లేట్లో వేసింది. నిస్సీ సంతోషంగా తినేసింది.

భోజనాలయ్యాక ఓబుళేశు సార్ సైన్స్ పాఠం చెప్పాడు. మాటల్లో గుడ్డు ప్రస్తావన వచ్చింది. గుడ్డు పెంకు, మన బేతంచెర్ల బండ, రెండూ దాదాపు ఒకే పదార్థమని, రెండింట్లో ఉండేది సున్నమేనని చెప్పాడు. కిటికీలోంచి బయటికి చూస్తున్న తనూజ ఉలిక్కిపడి నిటారుగా కూర్చుంది. ఇంత సులువా అనిపించింది.

బడి వదలగానే రోడ్డు మీదికి పరుగెత్తింది. పాలిష్ ఫ్యాక్టరీల నుంచి తెచ్చి పోసిన తెల్లటి రాతిపొడి కుప్పలు రోడ్డు పక్కన ఉన్నాయి. టిఫిన్ డబ్బాలో నింపుకుంది. ఇంటికి పోయి కడిగిన జొన్నల్లో ఆ పొడి కలిపి చుక్కి ముందు పెట్టింది. చుక్కి ముక్కుతో పొడిని అటూ ఇటూ చిమ్మి, జొన్నలు మాత్రం ఏరుకుని తినింది. ఏం కావాలో అది మానేసి, ఏం వద్దో అదే కడుపులో వేసుకుంది పాపం.

రాతిపొడి పని చేయలేదు. మళ్లీ తోలుగుడ్డే వచ్చింది. ఆ తరువాత అదీ లేదు. చుక్కి మునుపటిలా మట్టి గీకడం మానేసింది. ఈకలు ఉబ్బించుకుని గోడ మూలన నిలబడి ఉంటోంది.

తనూజకు కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే కూర్చోబుద్ధి. హోంవర్కు మధ్యలో లేచి గంప చూస్తుంది. అన్నం మధ్యలో లేచి గంప చూస్తుంది. కాలు కాలిన పిల్లిలా ఎందుకు తిరుగుతున్నావని అమ్మ కోప్పడింది. గోళ్లలో ఆ గులాబీ రంగేమిటని కూడా అడిగింది. డ్రాయింగ్ రంగు అని చెప్పి తనూజ చేతులు వెనక్కి దాచుకుంది.

శుక్రవారం సాయంత్రం తనూజ బడి నుంచి వచ్చేసరికి జేజి సిద్దమ్మ గంప దగ్గర కూర్చుని ఉంది. జేజి అంటే నాయనకు అమ్మ. ఆమె అరచేతిలో ఒక తోలుగుడ్డు ఉంది. చుక్కి చాలా రోజులకు పెట్టింది, పెట్టినది జేజి కంటనే పడింది.

"తోలుగుడ్లు పెట్టే కోడి ఇంట్లో ఉండగూడదు," అంది జేజి. "ఆదివారం కోసి, సగం నిస్సీ వాళ్లకు పంపిద్దాం."

పాలుకిచ్చిన కోడి పనికిరాకపోతే కోసుకుని చెరిసగం చేసుకోవడం కూడా ఊళ్లో ఉన్నదే. అదే రోజు జ్ఞానరాజుకు కబురు వెళ్లింది. ఆయనేమీ కాదనలేదు. మీ ఇష్టమమ్మా అన్నాడు.

కాదన్నది నిస్సీ ఒక్కతే. మాట వినగానే పరుగెత్తుకుంటూ వచ్చి చుక్కిని ఎత్తుకుని ఒడిలో పెట్టుకుంది. గంప పక్కన పడి ఉన్న తోలుగుడ్డును చూసింది. తరువాత తనూజను చూసింది.

"ఇంగా పెట్టలేదని చెప్తివి గదా?"

తనూజ గంప వైపు తిరిగింది. తాను చూడలేదని, ఎప్పుడు పెట్టిందో ఏమోనని గొణిగింది. నిస్సీ నమ్మింది. నమ్మకపోయి ఉంటే తనూజకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

మరునాడు శనివారం. పెన్ను కొనుక్కుంటానని చెప్పి తనూజ రైతు సేవా కేంద్రానికి పోయింది. అక్కడ ఊరి పశువులనూ కోళ్లనూ చూసే సాహితి మేడమ్ కూర్చుంటుంది. మేడమ్ మేకలకు మందు తాగించి అప్పుడే చేతులు కడుక్కుంటోంది. తనూజ గడపలో నిలబడి ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతోంది.

తెలిసినవాళ్ల కోడి అని చెప్పి మొదలుపెట్టింది. గుడ్లకు పెంకు రావడం లేదంట అంది. మేడమ్ ఏం తింటోందని అడిగింది. జొన్నలే అంది. ఏ జొన్నలని అడిగింది. విత్తనం జొన్నలు, కానీ బాగా కడిగినారంట, రంగంతా పోయిందంట అని ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

మేడమ్ చేతులు తుడుచుకోవడం ఆపింది.

"పోయింది రంగు మాత్రమే, పాపా," అంది. "మందు గింజలోకి ఇంకిపోయి ఉంటాది. భూమిలో బూజు పట్టకుండా ఆ మందు పట్టిస్తారు. బూజును చంపేదానికి చేసిన మందు కోడి కడుపులో పడితే ఊరుకుంటుందా? గుడ్డు తయారయ్యే చోటే పని చెడగొడతాది. పెంకు పట్టదు. గుడ్లు ఆగిపోతాయి. పొదిగినా పిల్లలు రావు."

తనూజ రాతిపొడి సంగతి అడిగింది. పెంకుకు కావలసిన సున్నం ఎంత పెట్టినా, దాన్ని పెంకుగా చేసే పనే లోపల నిలిచిపోతే లాభం లేదని మేడమ్ చెప్పింది. కోళ్లకే కాదు, చేను గట్టున పడిన గింజలు తినే కౌజులకూ గువ్వలకూ ఇదే గతి పడుతుందని చెప్పింది. కోడినైతే ఎవరో ఒకరు తెచ్చి చూపిస్తారు, కౌజును ఎవరు తెచ్చి చూపిస్తారు అని కూడా అంది.

తరువాత చేతులు చూపించమంది. తనూజ చూపించక తప్పలేదు. గోళ్ల సందుల్లో గులాబీ రంగు ఇంకా ఉంది. మేడమ్ తిట్టలేదు. సబ్బిచ్చి రెండుసార్లు కడిగించింది. ఒంట్లో ఏమైనా బాగాలేదా, ఆ చేతులతో ఏమైనా తిన్నావా అని అడిగింది. ఇంట్లో ఎవరైనా ఆ గుడ్లు తిన్నారా అని కూడా అడిగింది. లేదని తెలిశాక గాని ఆమె ముఖం కుదుటపడలేదు.

"ఆ కోడిని గానీ, దాని గుడ్లు గానీ ఎవరూ తినగూడదు. నువ్వు చెప్తావా, నేనొచ్చి చెప్పాల్నా?"

"నేనే చెప్తా," అంది తనూజ.

రేపు పొద్దున వచ్చి కోడిని చూస్తానని మేడమ్ అంది. ఆ గింజలు మానేసి మంచి మేత పెడితే కొన్ని వారాల్లో కోలుకోవచ్చని కూడా అంది. ఆ మాట విని తనూజకు ప్రాణం లేచొచ్చింది. చెబుదామనే అనుకుంటూ దారి పొడుగునా నడిచింది. నేనే పెట్టినా, నేనే పెట్టినా అని లోపల వల్లెవేసుకుంటూ వచ్చింది.

ఇంట్లోకి అడుగుపెట్టేసరికి జేజి పీట మీద కూర్చుని అల్లం వెల్లుల్లి ఒలుస్తోంది, రేపటి కూరకు. నాయన మంచం మీద ఉన్నాడు. అమ్మ వంటింట్లో ఉంది. అందరినీ ఒక్కసారి చూసేసరికి వల్లెవేసిన మాట కాస్తా ఎటో పోయింది. దాని బదులు ఇంకో మాట బయటపడింది.

"ఆ కోడికి రోగమంట, జేజీ. తినగూడదని మేడమ్ చెప్పినాది."

హమ్మయ్య, కోయరు కదా అనుకుంది. కానీ జేజి చేతిలో వెల్లుల్లి కింద పెట్టేసింది. ముఖం మారిపోయింది. పోయినసారి తెగులొచ్చినప్పుడు ఊళ్లో ఒక్క కోడి మిగల్లేదని, రోగమున్న కోడిని ఇంట్లో పెట్టుకుంటే మన కోళ్లే కాదు, ఊరి కోళ్లన్నీ పోతాయని గాభరా పడింది. నాయన కూడా లేచి కూర్చున్నాడు. వెంటనే జ్ఞానరాజుకు ఫోన్ చేశాడు. పొద్దున్నే వచ్చి, ఆ కోడిని పాత గని గుంత దగ్గరికి తీసుకుపోయి, గొంతు తిప్పేసి పూడ్చెయ్యమన్నాడు.

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. తనూజ మేడమ్ చెప్పిన మిగతా మాట, కోలుకుంటుందన్న మాట, చెప్పబోయింది. రోగమైతే ఎట్లా కోలుకుంటుందని నాయన అడిగితే ఏం చెప్పాలో తెలియక నోరు మూసుకుంది. ఆ రాత్రి నిద్ర పట్టిందా లేదా అని మీరు నన్ను అడగక్కర్లేదు.

ఆదివారం పొద్దున జ్ఞానరాజు గోనెసంచి తీసుకుని వచ్చాడు. వెనకాలే నిస్సీ వచ్చింది. చర్చికి పోవాలి కాబట్టి తెల్ల గౌను వేసుకుని ఉంది. సాహితి మేడమ్ ఇంకా రాలేదు. తనూజ వాకిట్లోకి, వీధిలోకి, మళ్లీ వాకిట్లోకి తిరుగుతోంది. మేడమ్ బండి చప్పుడు వినబడుతుందేమోనని చెవులు అక్కడే పెట్టింది. ఎవరో వచ్చి చెప్పేస్తే బాగుండు, తాను చెప్పక్కర్లేకుండా పోతే బాగుండు అని ఆశ.

వీధిలో పాల బండి పోయింది. ఇంకేమీ రాలేదు.

జ్ఞానరాజు చుక్కి కాళ్లు కట్టాడు. ఒక్కసారి ఎత్తుకుంటానని నిస్సీ అడిగితే, దాని దగ్గరికి పోవద్దని జేజి వారించింది. నిస్సీ వినలేదు. తెల్ల గౌనుకు అంటుకుంటుందని కూడా చూడలేదు. చుక్కిని గుండెకు హత్తుకుంది. చుక్కి అరవలేదు. కళ్లు మూసి తెరుస్తూ ఊరికే ఉంది.

నిస్సీ కోడిని తన నాయన చేతికిచ్చింది. దానికి భయమని, మెల్లగా పట్టుకోమని చెప్పింది. కళ్లు తుడుచుకుని తనూజ దగ్గరికి వచ్చింది. తనూజ ముఖం చూసి, పాపం, తానే ఓదార్చబోయింది.

"నువ్వు ఏడ్వొద్దు మే. నువ్వు బాగానే సూసుకుంటివి. దానికే రోగమొచ్చె, నువ్వేం చేస్తావు?"

ఆ మాటకు తనూజ లోపల ఏదో తెగిపోయింది. తిట్టి ఉంటే తట్టుకునేదే. జ్ఞానరాజు అప్పటికే గోనెసంచి నోరు తెరిచాడు. తనూజ పోయి ఆ సంచిని రెండు చేతులా పట్టుకుంది.

"రోగం ల్యా, మామా. నేనే పెట్టినా. విత్తనం జొన్నలు కడిగి పెట్టినా. గుడ్లు పెడితే దాచిపెట్టినా. రోగమని కూడా నేనే అబద్ధం చెప్పినా."

 తనూజ ఆగలేదు. ఆగితే మళ్లీ చెప్పలేనని ఆ పిల్లకు తెలుసు. ఉప్పునీళ్లు, రాతిపొడి, పేడదిబ్బ, మేడమ్ చెప్పిన మాటలు, అన్నీ వరసగా కక్కేసింది. కోలుకుంటుందట, పూడ్చొద్దు అని చివర చెప్పి వెక్కుతూ నిలబడింది.

అమ్మ పరుగున వచ్చి ముందు చేతులు పట్టుకుని చూసింది. జేజి తనూజను ఏమీ అనకుండా కొడుకు మీద పడింది. పిల్లలు తిరిగే కొట్టంలో విషం పూసిన గింజలను అందే గూట్లో పెడతారా అని అడిగింది.  ఈ పొద్దు మనమంతా ఆ కూర తిని ఉంటే అని ఎవరూ పైకి అనలేదు గానీ, అందరి ముఖాల్లో అదే ఉంది.

జ్ఞానరాజు కిందికి వంగి చుక్కి కాళ్లకు కట్టిన తాడు విప్పాడు.

నిస్సీ మాత్రం కదల్లేదు. తనూజనే చూస్తోంది.

"రోజూ అడిగినా నిన్ను," అంది. "రోజూ ల్యా అంటివి."

 చుక్కిని ఎత్తుకుని తమ ఇంటి వైపు నడిచింది. తనూజ వెనకాల పోబోతే అమ్మ ఆపింది.

సాహితి మేడమ్ తరువాత వచ్చింది. విషయమంతా విని నిస్సీ వాళ్లింటికి పోయి చుక్కిని చూసింది. మంచి జొన్నలు, ఆకుకూర, శుభ్రమైన నీళ్లు పెట్టమంది. తాను చెప్పేదాకా గుడ్లు పెట్టినా తినొద్దంది. మళ్లీ గట్టి గుడ్లు పెట్టొచ్చు, పెట్టకపోనూవచ్చు, చూడాలి అంది. తిరిగి వచ్చి తనూజ వాళ్ల నాయనతో చాలాసేపు మాట్లాడింది. మిగిలిన విత్తనాన్ని ఆయన తాళం పెట్టెలో పెట్టాడు.

ఆ మధ్యాహ్నం తనూజ నాయన వెంట చేనుకు పోయింది. పొమ్మని ఎవరూ చెప్పలేదు. ట్రాక్టరు మళ్లే చోట గొర్రు పైకి లేస్తుంది, అక్కడ గింజలు భూమిలో పడకుండా పైనే ఒలికిపోతాయి. ఎర్రటి మట్టి మీద గులాబీ గింజలు చల్లినట్టు ఉన్నాయి. అలికిడికి రెండు కౌజులు గట్టు మీది కంపలోకి ఉరికాయి. అవి ఎన్ని తిన్నాయో ఎవరికి తెలుసు?

చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని తనూజ గింజలు ఏరడం మొదలుపెట్టింది. ఏరలేనంత సన్నగా పడిన చోట నాయన పారతో మట్టి కప్పాడు. ఎండ మాడ్చేస్తోంది. ఇంకెంతసేపు అని ఆ పిల్ల ఒక్కసారి కూడా అడగలేదు. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా గట్టు పొడుగునా పోయారు. ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలిపోయింది.

బడిలో నిస్సీ చోటు మార్చుకుంది. భోజనం దగ్గర కూడా వేరే వరసలో కూర్చుంటోంది. తనూజ రెండుసార్లు దగ్గరికి పోయి మాట్లాడబోయింది. నిస్సీ ముఖం తిప్పుకుంది. తనూజకు లోపల ఆత్రంగా ఉండేది, ఇప్పుడే మాట్లాడెయ్యాలి, ఇప్పుడే కలిసిపోవాలి అని. అయినా మూడోసారి పోలేదు. సాయంత్రాలు నిస్సీ వాళ్ల కంచె దగ్గర కాసేపు నిలబడి, చుక్కి మట్టి గీకుతోందో లేదో చూసి వచ్చేసేది.

దసరా సెలవులు అయిపోయాయి. ఒక పొద్దున తనూజ బడికి తయారవుతుంటే వాకిట్లో నిస్సీ కనబడింది. చంకలో చుక్కి ఉంది. తోకలో కొన్ని ఈకలు లేవు.

"నిన్న ముంగిస పట్టబోయినాది," అంది నిస్సీ. ఎటో చూస్తూ చెప్పింది. "పగలు మాత్రం మీ ఇంట్లో ఉండనీ. పాలుకు గాదు. సాయంత్రం తీసకపోతా."

"గుడ్డు పెట్టిందా?" అని అడగాలని తనూజ నోటిదాకా వచ్చింది. మింగేసింది. చుక్కిని అందుకుని గంప దగ్గర దించింది. ఇంట్లోకి పోయి జొన్నల డబ్బాలో చేయి పెట్టి గుప్పెడు తీసుకుంది.

చుక్కి అప్పటికే మెడ చాచి చూస్తోంది. తనూజ చల్లబోయి ఆగింది. వెనక్కి తిరిగి, నిస్సీ ఎదుటికి వచ్చి గుప్పిట తెరిచింది.

"సూడు," అంది.

నిస్సీ వంగి చూసింది. ఒక గింజ తీసుకుని వెలుతురుకు పెట్టి తిప్పింది. అది తిరిగి అరచేతిలో వేసి ఇంకొకటి తీసుకుంది. ఏమీ తొందరపడలేదు. బడి బెల్లు వినబడింది. చుక్కి తనూజ కాళ్ల చుట్టూ తిరుగుతోంది. తనూజ చేయి చాచి అట్లాగే నిలబడింది. చేయి లాగుతున్నా దించలేదు.

చివరి గింజ దాకా చూశాక నిస్సీ తల ఎత్తింది.

"ఇంగ ఎయ్యి," అంది.